పరాయి భాష ముందు పసిబిడ్డలం



ఒక భాష నేర్చుకోవడానికి దేశం విడిచి వెళ్లడం అవసరమా? పుస్తకాలున్నాయి, సెల్‌ఫోనులోనే పాఠాలు దొరుకుతున్నాయి. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ చదువుకోవచ్చు. మరి ఆ భాషను మెరుగుపరచుకోవడానికి పిల్లలు ఇంత ఖర్చుపెట్టి స్పెయిన్ ఎందుకు వెళ్లాలి? ఇది డబ్బుకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. సాటి మనిషి ఎదుట మనం ఎలా నిలబడాలన్న ప్రశ్న కూడా.

మన 'నువ్వు', 'మీరు' వలె స్పానిష్‌లో 'తూ', 'ఉస్తేద్' అనే మాటలున్నాయి. వ్యాకరణంగా నేర్వడానికి ఒక గంట చాలు. కాని స్పెయిన్‌లో ముఖపరిచయం లేనివారిని సైతం 'తూ' అనడం మామూలు. కొలంబియాలోని కొన్ని ప్రాంతాలలోనైతే తల్లి కన్నబిడ్డను కూడా 'ఉస్తేద్' అంటుంది. మన మర్యాదనే కొలబద్దగా పట్టుకుని వెళితే మొదటివారిని పొగరుబోతులని, రెండవవారిని ప్రేమలేనివారని తీర్పు తీర్చేస్తాం. వారి మధ్య నివసించినప్పుడే ఆ తీర్పు కరుగుతుంది.

అక్కడ మరొకటి కూడా జరుగుతుంది. ఇక్కడ పట్టభద్రుడైనవాడు అక్కడ రొట్టె కొనడానికి తడబడతాడు. పసిబిడ్డవలె వేలు పెట్టి చూపిస్తాడు. దుకాణదారు ఓపికతో ఆగి, మాట అందించి, తప్పు దిద్దుతాడు. ఆ ఓపికకు ఏ కళాశాలా రుసుము కట్టించుకోదు. అది అప్పుగానే మిగులుతుంది.

ఈ చదువు మనకు కొత్తదేమీ కాదు. ఇందల్వాయి చుట్టుపక్కల పల్లెల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు అరబ్బీని, హిందీని పని చేస్తూనే పట్టుకున్నారు. వారికి ఎవరూ పట్టా ఇవ్వలేదు. చదువుకోసం వెళ్లినవాని భాషను మెచ్చుకుని, కూలికోసం వెళ్లినవాని భాషను లెక్కచేయకపోవడం న్యాయమా?

మన వద్దకు వచ్చి నేర్చుకున్నవారూ ఉన్నారు. యేసు సభకు చెందిన ఫ్రెంచి గురువు గాస్తాన్ కూర్దూ 1732లో మన దేశానికి వచ్చి, తెలుగు నేర్చి, నిఘంటువు కూర్చారు. సంస్కృతానికీ లాటిను, గ్రీకు భాషలకూ ఉన్న పోలికలను 1767లో ఫ్రాన్సు పండితులకు తెలియజేశారు. అంతటి పండితుడు కూడా మొదట మన పూర్వీకుల ఎదుట తప్పులు మాట్లాడే ఉంటారు కదా! వారు ఆగి, విని, దిద్దినందువల్లనే ఆ నిఘంటువు పుట్టింది.

ఇక మన ఇంటి సంగతి చూద్దాం. నిజాంసాగర్ నీటిని, బోధన్ చెరకును నమ్ముకుని కోస్తా నుండి వచ్చి క్యాంపులలో స్థిరపడినవారి యాసకు మనవారు నవ్వడం, మన యాసకు వారు నవ్వడం పెద్దలకు గుర్తే. నేడు ఇటుక బట్టీలకు ఒడిశా కుటుంబాలు, రైసుమిల్లులకు బీహారు హమాలీలు వస్తున్నారు. కిరాణా కొట్టులో వారు రెండు తెలుగు మాటలు కూడబలుక్కుంటే మనం ఆగి వింటున్నామా? నవ్వి, వేళాకోళం చేస్తున్నామా?

పెంతెకోస్తు నాడు వినేవారెవరూ అపోస్తలుల భాష నేర్చుకోవలసిన పని పడలేదు. మాటే వారి భాషలోనికి వెళ్లింది.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ పరదేశంలో తడబడుతున్నప్పుడు ఎవరో ఒకరు ఓర్పు చూపాలని కోరుకుంటారు కదా. ఆ ఓర్పును మీ వీధిలోని పరదేశికి ముందుగా చూపండి. దూరాన మన బిడ్డ పడే అప్పును మనం తీర్చగలిగేది ఇక్కడే.