గర్భస్థ శిశువు పట్ల ధర్మం: తెలుగు వైజ్ఞానిక కల్పనా చిత్రాలలో భావితరాల ప్రశ్న

ప్రస్తావన

ఇంకా పుట్టని వారి పట్ల బతికి ఉన్నవారికి ధర్మం ఉంటుందా? అప్పిచ్చినవాడు ఎదుట ఉంటే అడుగుతాడు. అన్యాయానికి గురైనవాడు నిలదీస్తాడు. పుట్టని శిశువుకు ఆ రెండూ సాధ్యం కావు. నీతిశాస్త్రంలో జటిలమైన ఈ ప్రశ్నను తెలుగునాట జనసామాన్యం ముందుకు తెచ్చిన రూపాలలో వైజ్ఞానిక కల్పనా చిత్రం ఒకటి. ‘ఆదిత్య 369’, ‘కల్కి 2898 ఏడీ’ చిత్రాలను ఈ దృష్టితో పరిశీలించి, కోనసీమలోని మలికిపురం పరిసరాల అనుభవంతో ఆ ప్రశ్నను సరిచూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

కాలయంత్రం నుంచి కల్కి వరకు

హెచ్.జి.వెల్స్ 1895లో వెలువరించిన ‘ది టైమ్ మెషీన్’ నవల స్ఫూర్తితో సింగీతం శ్రీనివాసరావు రూపొందించిన ‘ఆదిత్య 369’ 1991 జూలైలో విడుదలైంది. జంధ్యాల సంభాషణలు, ఇళయరాజా సంగీతం దానికి బలమయ్యాయి. కథానాయకుడు కాలయంత్రంలో 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, తరువాత 2504వ సంవత్సరానికీ వెళ్తాడు. ప్రేక్షకుల జ్ఞాపకంలో ఎక్కువగా నిలిచింది రాయల కొలువే అయినా, నైతికంగా బరువైన భాగం భవిష్యత్తుకు సంబంధించినది. మూడవ ప్రపంచయుద్ధం మిగిల్చిన అణుధార్మికత వల్ల మనుషులు అక్కడ భూగర్భంలో తలదాచుకుంటారు. యుద్ధం చేసినది ఒక తరం; ఫలం అనుభవించేది వేరొక తరం.

నాగ్ అశ్విన్ దర్శకత్వంలో వైజయంతీ మూవీస్ నిర్మించిన ‘కల్కి’ 2024 జూన్ 27న ఒక చిత్రమాలికకు తొలిభాగంగా వెలువడింది. దీని రచనకు సింగీతం మార్గదర్శకులు కావడంతో రెండు చిత్రాల మధ్య వారసత్వం ఏర్పడింది. విడుదలకు ముందే యానిమేషన్ ధారావాహిక వచ్చింది. కథలోని ‘బుజ్జి’ వాహనాన్ని నిజంగా నడిచేలా తయారుచేసి ప్రజల ముందు ప్రదర్శించారు. వసూళ్లు వెయ్యి కోట్ల రూపాయలు దాటినట్లు నిర్మాణసంస్థ ప్రకటించింది.

అవతారమా, ప్రాయశ్చిత్తమా?

2898 నాటికి గంగ ఎండిపోయి, కాశీ చివరి నగరంగా మిగులుతుంది. దానిపై నిలిచిన ‘కాంప్లెక్స్’లో కొద్దిమంది సమస్త వనరులనూ అనుభవిస్తుంటారు. సుప్రీమ్ యాస్కిన్ తన ఆయుష్షు కోసం గర్భిణులపై ప్రయోగాలు సాగిస్తాడు. భావితరాన్ని వర్తమానం ఆహారంగా తీసుకోవడమంటే ఇదే.

ఇక్కడొక ఆక్షేపణ తలెత్తుతుంది. అవతారపురుషుడు వచ్చి ఉద్ధరిస్తాడని కథ ముందే హామీ ఇస్తే మానవ బాధ్యత సడలిపోదా? ఆక్షేపణ బలమైనదే. అయితే చిత్రంలోని నైతిక కేంద్రం కల్కి కాదు, అశ్వత్థామ. ఉత్తర గర్భంపై అతడు అస్త్రం ప్రయోగించిన ఘట్టం తిక్కన సౌప్తికపర్వం ద్వారా, పోతన భాగవత ప్రథమస్కంధం ద్వారా తెలుగు పాఠకులకు చిరపరిచితం. పుట్టని శిశువుకు ద్రోహం తలపెట్టినవాడే వేల ఏళ్ల తరువాత మరొక గర్భస్థ శిశువుకు కావలి కాస్తాడు. అవతారం దైవం చేతిలోనిది. కావలి అపరాధి చేయవలసినది. కథ ఈ రెండింటినీ వేరు చేసింది గనుక విశ్వాసం బాధ్యతకు ప్రత్యామ్నాయం కాలేదు.

భైరవ పాత్ర మరొక సంగతి తెలుపుతుంది. కాంప్లెక్స్‌లో చోటు కోసం అతడు యూనిట్లు కూడబెడుతుంటాడు. దోపిడీ వ్యవస్థ నిలిచేది యాస్కిన్ ఒక్కడి క్రౌర్యం వల్ల కాదు, అందులో స్థానం ఆశించే సామాన్యుల వల్ల కూడా.

మలికిపురం వైపు నుంచి

మలికిపురం వంటి చోట ఈ ప్రశ్న కేవల కల్పన కాదు. అక్కడికి చేరువలోని పాశర్లపూడిలో 1995 జనవరి 8న ఎగసిన గ్యాస్‌బావి మంటలు 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా మరణించారు. ‘కల్కి’ విడుదలైనది సరిగ్గా పదేళ్ల తరువాత అదే తేదీన. ఇది యాదృచ్ఛికమే, కానీ ఆలోచింపజేసే యాదృచ్ఛికం. ఆ పైపులైను గ్యాస్‌ను కోనసీమ వెలుపలి విద్యుత్కేంద్రానికి చేరవేసేది. వెలుగు ఒకచోట, ముప్పు మరొకచోట.

అట్లని నింద అంతా సంస్థల మీద వేసి తప్పుకోవడం భైరవ తర్కమే అవుతుంది. గ్యాస్‌పొయ్యి, విద్యుద్దీపం మలికిపురం ఇళ్లలోనూ ఉన్నాయి. కాబట్టి ప్రశ్న వెలికితీయాలా వద్దా అన్నది మాత్రమే కాదు. ఎంత, ఎవరి భద్రతను పణంగా పెట్టి, రేపటివారికి ఏం మిగిల్చి అన్నది.

ముగింపు

కోనసీమ రైతుకు ఈ ధర్మం కొత్త కాదు. దేశవాళి కొబ్బరి అరవై ఏళ్లకు పైగా కాస్తుంది. నాటినవాడు అనుభవించే కాపు కంటే మనుమలు అనుభవించేదే ఎక్కువ కావచ్చు. మనుమలు అడగలేదని ఎవరూ నాటడం మానలేదు. అడగలేనివారికి చేయవలసినది ఉన్నదన్న ఎరుకే ఇక్కడ ధర్మం. చిత్రం అశ్వత్థామకు శిక్షగా విధించిన కావలిని కొబ్బరితోట స్వచ్ఛందంగా పాటిస్తున్నది. ద్రోహం జరిగిన తరువాత ప్రాయశ్చిత్తంగా కాక, ముందుగానే ఆచారంగా స్వీకరించినప్పుడు ఆ కావలికి అవతారం కోసం నిరీక్షించే అవసరం ఉండదు.