చెమట ఎవరిది, సిగ్గు ఎవరిది?

మా అమ్మాయికి ఏడున్నరేళ్లప్పుడు ఒకరోజు స్కూలు గేటు దగ్గర వాళ్ల క్లాస్ టీచర్ నన్ను పక్కకి పిలిచింది. గొంతు తగ్గించి, "ఏమనుకోకండి మేడమ్, పాప దగ్గర కొంచెం వాసన వస్తోంది. పక్కన కూర్చోం అంటున్నారు పిల్లలు. రోజూ స్నానం చేయిస్తున్నారు కదా?" అంది. నాకు ముందుగా వచ్చింది కోపం కాదు, సిగ్గు. అది కూడా పాప గురించి కాదు, నా గురించి. ఇన్నేళ్లుగా కాలేజీలో స్త్రీల శరీరం గురించి, దాని మీద సమాజం పెట్టే కాపలా గురించి పాఠాలు చెబుతున్నదాన్ని, ఒక్క ప్రశ్నతో శుభ్రం తెలియని తల్లినైపోయాను.

ఇంటికొచ్చి పాపని దగ్గరికి తీసుకుని చంక వాసన చూశాను. నిజమే. ఎండలో ఆడుకుని వచ్చిన పసిపిల్ల దగ్గర వచ్చే వాసన కాదది. పెద్దవాళ్ల చెమట వాసన, తరిగిన ఉల్లిపాయలాంటి ఘాటు. మా అత్తయ్య భయపడిపోయారు. "అప్పుడే ఇదేంటమ్మా, పిల్ల తొందరగా పెద్దమనిషవుతుందేమో, ఎవరికైనా చూపించు" అన్నారు. మా ఆయన మాత్రం "ఆటలాడి వస్తుంది, అంతే" అని తేల్చేశారు. ఆ రాత్రి పడుకోబోతూ పాప అడిగింది: "అమ్మా, నేను కంపు కొడుతున్నానా?"

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే. అవునంటే ఆ పసిమనసులో తన ఒంటి మీద తనకే ఏవగింపు నాటినదాన్నవుతాను. లేదంటే అబద్ధం చెప్పినట్టు. రేపు క్లాసులో ఆ నిజాన్ని ఇంకెవరో ముక్కు మూసుకుని చెబుతారు. అబద్ధంతో కాపాడటమా, నిజంతో గాయపరచటమా? ఈ రెండే దారులా?

ముందు ఒంటి సంగతి చూద్దాం. పిల్లల హార్మోన్ల డాక్టరు గారు చెప్పాక నాకు అర్థమైంది ఇది. మన మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులు సుమారు ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య కొన్ని హార్మోన్లని ఎక్కువగా విడుదల చేయడం మొదలుపెడతాయి. దీన్ని అడ్రినార్కీ అంటారు. అప్పటిదాకా నిద్రపోతున్న చంకల్లోని ఒక రకం స్వేద గ్రంథులు దాంతో మేల్కొంటాయి. వాటి నుంచి వచ్చే చెమటకి నిజానికి వాసన ఉండదు. చర్మం మీద ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియా ఆ చెమటని విడగొట్టినప్పుడు వాసన పుడుతుంది. అండాశయాలు మేల్కొని రజస్వల వైపు నడిపించే ప్రక్రియ వేరు, ఇది వేరు. ఆడపిల్లల్లో ఎనిమిదేళ్లలోపు, మగపిల్లల్లో తొమ్మిదేళ్లలోపు ఇలా కనిపిస్తే ఒకసారి చూపించడం మంచిది. ముఖ్యంగా వెంట్రుకలు రావడం, రొమ్ములు పెరగడం, ఉన్నట్టుండి పొడవు ఎదగడం ఉంటే ఆలస్యం చేయకూడదు. అవేవీ లేని చోట చాలాసార్లు భయపడాల్సిందేమీ ఉండదు. ఒక్కోసారి ముక్కులో ఇరుక్కున్న పూస కూడా పిల్లల దగ్గర దుర్వాసనకి కారణమవుతుంది.

అంటే పాప చంకలోని వాసనకి మా ఇంటి శుభ్రతతో సంబంధం లేదు. తూర్పు ఆసియాలో ఎక్కువ మందికి చంక వాసన దాదాపు ఉండదు. చెవిలో గులిమి పొడిగా ఉంటుందా జిగటగా ఉంటుందా అని నిర్ణయించే ఏబీసీసీ11 అనే జన్యువే దానికీ కారణం. వాళ్లు మనకంటే శుభ్రమైన వాళ్లని దీనికి అర్థం కాదు. పుట్టుకతో వచ్చిన ఒక తేడా, అంతే.

ఇంత మామూలు విషయం మా ఇంట్లో రెండు రకాల భయమెందుకైంది? పాప అబ్బాయి అయ్యుంటే 'మగపిల్లాడు, చెమట పట్టదా' అని నవ్వి ఊరుకునేవాళ్లం. ఆడపిల్ల కాబట్టి ఆ వాసనలో మా అత్తయ్యకి పెళ్లీడు వినిపించింది, టీచరుకి తల్లి నిర్లక్ష్యం వినిపించింది. ఏడేళ్ల పిల్ల చంక కూడా కుటుంబ పరువు విషయమే. ఈ భయాన్ని అమ్ముకోవడం మార్కెట్‌కి ఏనాడో తెలుసు. 1919లో అమెరికాలో లేడీస్ హోమ్ జర్నల్ అనే స్త్రీల పత్రికలో ఓడొరోనో అనే చెమట మందు ప్రకటన వచ్చింది. నీ దగ్గర వాసన వస్తున్న సంగతి నీకే తెలియకపోవచ్చు అన్నది దాని సారాంశం. అవమానంగా భావించి కొందరు పాఠకురాళ్లు చందాలు మానేశారు. అయినా ఆ మందు అమ్మకాలు పెరిగాయి. నీ ఒంటి గురించి నీకంటే పక్కవాడి ముక్కుకే ఎక్కువ తెలుసని ఒకసారి నమ్మిస్తే చాలు, మిగతా పని మన సిగ్గే చేసి పెడుతుంది.

ఇక్కడిదాకా రాసి ఆగిపోతే ఇది మనకి అలవాటైన వ్యాసం అవుతుంది. 'నా శరీరం, నా చెమట, నా ఇష్టం' అని ముగించవచ్చు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే జ్ఞాపకం.

ఎనభైల చివర్లో గుంటూరు జిల్లాలో మా ఊరి బడిలో నేను నాలుగో తరగతి. మాదిగపల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చేది. వాళ్ల అమ్మ మా పొలాల్లోనే కూలికి వచ్చేది. ఆ అమ్మాయి దగ్గర చెమట వాసన వస్తుందని బెంచీ మీద ఎవరం పక్కన కూర్చునేవాళ్లం కాదు. ఆమెకి మేం పెట్టిన పేరు ఇక్కడ రాయను. మాస్టారు విన్నా ఏమీ అనలేదు. చివరికి ఆమె చివరి వరుసలో కింద కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ ఏడాది తర్వాత బడికి రాలేదు. భూమి ఉన్న కులం మాది. మా పెరట్లో బావి ఉంది. వాళ్ల పల్లెలో నీళ్లకి ఎంత దూరం నడవాలో నేనెప్పుడూ ఆలోచించలేదు. బహుశా ఆ పిల్లకీ మా పాపకి జరిగిందే జరిగి ఉంటుంది. అదే గ్రంథి, అదే బ్యాక్టీరియా. మా పాప వాసనకి డాక్టరు దొరికారు, శాస్త్రీయమైన పేరు దొరికింది. ఆ పిల్ల వాసనకి మేం కులం పేరు పెట్టాం.

మన భాషలోనే ఈ సంగతి దాగి ఉంది. శుభ్రం వేరు, శుచి వేరు. శుభ్రం నీళ్లతో, సబ్బుతో వస్తుంది. శుచి పుట్టుకతో వస్తుందని నమ్మించారు. చేపల వాసనని 'నీచు' అంటాం. ఆ మాట పలుకుతున్నప్పుడు పక్కనే 'నీచం' కూడా వినిపిస్తుంది. 'వాసన' అంటే ముక్కుకి తగిలేదే కాదు, మనసులో పాతుకుపోయి వదలని సంస్కారం కూడా. ఆ రెండో అర్థంలో వాసన వేసింది ఆ అమ్మాయి కాదు, మేం. జార్జ్ ఆర్వెల్ 1937లో అచ్చయిన 'ది రోడ్ టు విగన్ పియర్'లో, కింది తరగతి మనుషుల దగ్గర వాసన వస్తుందని తనలాంటి మధ్యతరగతి పిల్లలకి నేర్పారని ఒప్పుకున్నాడు. అభిప్రాయాలనైతే వాదించి మార్చవచ్చు, ఒళ్లు పుట్టించే ఏవగింపుని వాదనతో దాటడం కష్టమని ఆయన గమనించాడు. మనకి అది మరీ బాగా తెలిసిన విషయం. అంటరానితనం పుస్తకాల్లో కంటే ముందు ముక్కులో ఉంటుంది.

అందుకే 'నా చెమట నా ఇష్టం' అనే మాట నాకిప్పుడు సరిపోవడం లేదు. ఆ ధిక్కారం నాకు చెల్లుతుంది. నా చెమట వాసనని ఎవరూ నా పుట్టుకకి సాక్ష్యంగా చూపించరు. ఆ బెంచీ మీది పిల్లకి అది చెల్లదు. ఆమె నురగలు వచ్చేలా రుద్దుకుని వచ్చినా మేం ముక్కు మూసుకునేవాళ్లమే. వాసన ఉన్నవాళ్లకి మాత్రమే నేర్పి, ముక్కు ఉన్నవాళ్లకి ఏమీ నేర్పకపోతే అన్యాయం ఉన్నచోటే ఉంటుంది.

పాపకి ఏం చెప్పాను? "అవును, చంకలో వాసన వస్తోంది. నీ తప్పు కాదు, రోగమూ కాదు. నీ ఒళ్లు ఎదుగుతోంది" అన్నాను. నిజానికీ సిగ్గుకీ తేడా ఏమిటని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. నిజం చెప్పినప్పుడు పిల్ల చేతికి ఒక పని దొరుకుతుంది. రోజూ చంకలు సబ్బుతో కడుక్కుని పొడిగా తుడుచుకోవడం, ఉతికిన నూలు బనీను వేసుకోవడం, పాలిస్టర్ యూనిఫాం చంకల దగ్గర బాగా రుద్ది ఉతకడం. కావాలంటే డాక్టరుని అడిగి ఘాటు లేని డియోడరెంట్. సిగ్గుపెట్టినప్పుడు చేయడానికి ఏ పనీ దొరకదు, దాక్కోవడం తప్ప. నిజం ఒంటి గురించి మాట్లాడుతుంది, సిగ్గు మనిషి గురించి.

అది సగమే. మిగతా సగం చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఒక ఆదివారం తలంటు పోస్తూ మా ఊరి బడి సంగతి చెప్పాను. పాప అంతా విని, "నువ్వేం చేశావు?" అంది. ముక్కు మూసుకున్నానని చెప్పాను. కాసేపు ఆగి, "ఆ అమ్మాయి పేరేంటమ్మా?" అంది. నాకు గుర్తు రాలేదు. మేం పెట్టిన పేరే గుర్తుంది. ఎంత వెతికినా అసలు పేరు ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

ఆ టీచరు మీద నాకిప్పుడు కోపం లేదు. నాకు చెప్పాల్సిందే చెప్పింది. అయితే ముక్కు మూసుకున్న ఆ పిల్లలతో ఏం చెప్పిందో నేను అడగలేదు. అడగాల్సింది. వాళ్లని ఆ బెంచీ మీద కూర్చోబెట్టడం కూడా ఆమె పనే. మా పిల్ల వాసన పోవడానికి మూడు వారాలు పట్టింది. నా ముక్కులోది నలభై ఏళ్లుగా ఉంది. పిల్లలకి సబ్బు ఇవ్వడం ఎంత అవసరమో, పక్క పిల్ల దగ్గర చెమట వాసన వచ్చినప్పుడు ముఖం తిప్పుకోకుండా, జరగకుండా కూర్చోవడం నేర్పడమూ అంతే అవసరం. మొదటిది ప్రతి తల్లీ చేస్తుంది. రెండోది మన ఇళ్లలో ఎంతమందిమి చేస్తున్నాం?