పగ యుండు చోటు

జైన దార్శనికులు ప్రాణులను ఇంద్రియముల సంఖ్యనుబట్టి వరుసగా నిలిపిరి. ఉమాస్వాతి రచించిన తత్త్వార్థసూత్రమునందు పురుగునకు స్పర్శ, రుచి యను రెండింద్రియములే. చీమకు మూడవదియగు ఘ్రాణము చేరినది. చూపు తుమ్మెదకును, వినికిడి మనుష్యాదులకును ఆపై వచ్చినవి. చీమకు కన్నులు బొత్తిగా లేవనుట సరికాదు. పెక్కు జాతులకు కలవు. అయినను దాని ప్రపంచము ప్రధానముగా వాసనలతో కట్టబడినదని ఊహించినవారు పొరపడలేదు.

కలకత్తాలో జగదీశచంద్ర బోసు 1917లో స్థాపించిన విజ్ఞానమందిరమున గోపాలచంద్ర భట్టాచార్య (1895–1981) చీమలను, సాలెపురుగులను పరిశీలించుచు పెక్కేండ్లు గడపెను. కళాశాల చదువు నడుమనే ఆగిపోయినవాడాయన. వంగదేశపు కీటకములపై వ్రాసిన గ్రంథమునకు 1975లో రవీంద్ర పురస్కారము లభించినది. ఆయన కెంతో ప్రియమైనది, వంగభాషలో నాల్సో యనబడు ఎఱ్ఱచీమ. మామిడిచెట్లపై ఆకులను దగ్గరకు లాగి, తమ పిల్లపురుగులను నేతగాని నాడెవలె నోట కఱచుకొని, వాటి పట్టుదారముతో గూళ్లు కుట్టు చీమ ఇదియే. ఒక గూటి చీమలు రెండు ఎదురైనప్పుడు స్పర్శశృంగములతో ఒకదాని నొకటి తడవి సాగిపోవును. పరాయి గూటి చీమ తగిలినచో అదే తడుముట వెంటనే కాటుగా మాఱును.

ఆ తడుముటలో జరుగున దేమి? శృంగముపై సన్నని రోమములు అసంఖ్యాకముగా నుండును. ఘ్రాణమునకు చెందిన రోమములలో కంటి కగపడని రంధ్రములు కలవు. వాసన యణువులు ఆ రంధ్రములగుండ లోనికి జొచ్చి, అందలి ద్రవమును దాటి నాడీకణపు కొసను చేరును. అచ్చట తాళమునకు తాళపుచెవివలె అమరియున్న గ్రాహక ప్రోటీను అణువును పట్టుకొనగా కణమునందు విద్యుత్తు చలించును. ఒకే విధమైన గ్రాహకముగల కణముల తంతువులు సాధారణముగా మెదడులో ఒకే నాడీగుచ్ఛమునకు పోయి ముడిపడును. పండ్లపై వ్రాలు చిన్న యీగకు ఇట్టి గుచ్ఛములు ఇంచుమించు 50 మాత్రమే. చీమలలో కొన్ని వందలు. తోడివారిని పోల్చుకొనవలసిన ప్రాణికి మెదడు ఇంత చోటిచ్చినది.

స్విట్జర్లాండునకు చెందిన అగస్టు ఫోరెల్ చీమలను ఎంత యెఱిగినవాడో, నాడులను అంత యెఱిగినవాడు. నాడీకణములు వేటికవి వేఱని 1887లో వాదించిన వారిలో ఆయన యొకడు. ఆయన వైరిజాతుల చీమలను తెచ్చి, శృంగములను కత్తిరించి, ఒకేచోట విడిచెను. అవి పోరాడలేదు, కలసి బ్రతికినవి. అట్లయిన పగ యనునది హృదయమున గాక ఆ రెండు కొమ్ములలో నున్నదా? వానిని తొలగించినచో శాంతి కలుగునా? ఈ ప్రశ్న చీమలకే పరిమితమని కలకత్తావాసు లెవ్వరును అనజాలరు. 1946 ఆగస్టులో ఆ నగరపు వీథులలోనే పేరును, కట్టును, మాటను పట్టి పోల్చుకొని మనుష్యులు మనుష్యులను చంపిరి.

గుర్తులే లేకున్న నెంత బాగుండునని అప్పుడు పలువురికి తోచియుండును. కాని 2017లో వెలువడిన రెండు పరిశోధనలు ఆ యాశను నిలువనీయలేదు. చీమల వాసన గ్రాహకములలో అత్యధికమునకు తోడుగా నిలువవలసిన ఒక ప్రోటీను కలదు. దాని జన్యువును శాస్త్రజ్ఞులు చెఱచిరి. ప్రయోగమునకు తీసికొన్న జాతులలో ఒకటి దక్షిణభారతమున కనబడు గెంతుచీమ. ఆ గ్రాహకములు పనిచేయని చీమలు తోడివారిని విడిచి దిక్కుతోచక తిరుగాడినవి. మెదడులోని గుచ్ఛములుసైతము సరిగా ఎదుగలేదు. అనగా, పరాయిదానిని ఎఱిగించు తంతువే తనవారినిగూడ ఎఱిగించుచున్నది. ఫోరెల్ పాత్రలో కనబడినది స్నేహమని నమ్ముట కష్టము. చీమకు చీమ యెవరో తెలియకపోవుట మాత్రమే అది.

అయినను గుర్తు విధివలె మార్పు లేనిదని తలచుటయు తొందరపాటే. గూటి వాసన అంతయు పుట్టుకతో స్థిరపడదు. పెక్కు జాతులలో అప్పుడే కోశమునుండి వెలువడిన చీమను వేఱొక గూటిలో నుంచినచో, అది అచ్చటి వాసననే పొంది అచ్చటిదియే యగును.

1958లో అమెరికాలో ఎడ్వర్డు విల్సనును, ఆయన తోడివారును మఱియొక వింతను ప్రకటించిరి. చచ్చిన చీమలలో పుట్టు ఓలియిక్ ఆమ్లమును బ్రతికియున్న చీమకు పూసిరి. తోడిచీమలు దానిని, కాళ్లు కొట్టుకొనుచున్నను, శవములను పడవేయు చెత్తకుప్పకు మోసికొనిపోయినవి. అది తిరిగివచ్చినది; మరల మోసికొనిపోయినవి. అది తన శృంగములను, కాళ్లను నాకికొని, ఒడలంతయు తుడుచుకొని, ఆ వాసన పోయినపిదప గూటిలోనికి వచ్చినది. ఈసారి ఎవ్వరును దాని నడ్డగింపలేదు.