అడగలేదు, అందుకే చెప్పలేదు

ఒక వస్తువులో లోపం ఉన్నదని మనకు తెలుసు. ఎదుటి మనిషి ఆ వస్తువును మన చేతుల్లోంచే తీసుకుపోతున్నాడు. అతను అడగలేదు, మనం చెప్పలేదు. ఆ తర్వాత అతనికి కీడు జరిగింది. ఇందులో మన పాలు ఎంత? మనం అబద్ధమాడలేదు, మోసం చేద్దామనీ అనుకోలేదు. నోరు మూసుకుని ఉన్నాం, అంతే. నోరు మూసుకోవడం కూడా ఒక పనేనా? దానికీ లెక్క చెప్పవలసి ఉంటుందా?

ఈ ప్రశ్న పాతదే. అయితే మా కుండల్‌వాడి చుట్టుపక్కల లారీ ట్యూబుల మీద చేపలు పట్టేవాళ్ల నోట విన్నప్పుడు అది నాకు తగిలినంత పదునుగా పుస్తకాల్లో చదివినప్పుడు తగలలేదు. అందుకే ముందు ఆ ట్యూబు సంగతి చెబుతాను.

మా వైపు చెరువుల్లోనూ, గోదావరి నిలిచిన నీళ్లలోనూ పడవలు తక్కువ. పడవ కొనాలంటే డబ్బు కావాలి. లారీ చక్రంలోంచి తీసిపారేసిన ట్యూబుకు గాలి నింపి, నడుమ తాళ్లు అల్లి, ఒక పలకో గోనెసంచో వేసుకుంటే ఒక మనిషికి సరిపడే వాహనం తయారవుతుంది. కాళ్లు నీళ్లలో ఉంటాయి; చేతులే తెడ్లు. అలా కూర్చుని వల దించుతారు, గాలం వేస్తారు. అమెరికాలో బాస్ అనే చేప కోసం ఇదే పద్ధతిని సరదాగా ఆడుకునేవాళ్లున్నారు. వాళ్లూ మొదట్లో లారీ ట్యూబుకే గుడ్డ తొడుగు కుట్టుకున్నారు. ఇక్కడ అది సరదా కాదు, పూట గడిచే దారి. బాస్ చేప లాగే తుంగలోనూ నాచులోనూ నక్కి ఉండి వేటాడేది మన కొర్రమీను. దానికోసం వెళ్లాలంటే లోతు నీళ్లకే కాదు, ముళ్లకూ మోడులకూ దగ్గరగా వెళ్లాలి. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ట్యూబుకు వచ్చే జబ్బులు చాలా రకాలు. నీళ్లు పెరిగినప్పుడు మునిగిన సర్కారు తుమ్మ ముల్లు అడుగునుంచి గుచ్చుకుంటుంది. వలలో పడ్డ జెల్ల తన రెక్క ముల్లు విప్పి, ఒళ్లో వేసుకున్నవాడి చేతినీ ట్యూబునూ ఒకేసారి పొడుస్తుంది. వాల్వు మొదట్లో రబ్బరు వదులై గాలి సన్నగా పోతూ ఉంటుంది. ఎండలో పడేసిన రబ్బరు బీటలు వారుతుంది. మడత పెట్టిన చోటనే మొదట చిట్లుతుంది. కిరసనాయిలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఇవి కాక జబ్బు కాని జబ్బు ఒకటున్నది. మధ్యాహ్నం గట్టున వేడెక్కిన ట్యూబును చల్లటి నీళ్లలో వేస్తే లోపలి గాలి ముడుచుకుంటుంది. ఇరవై డిగ్రీలు చల్లబడితే నూటికి ఆరేడు పాళ్లు తగ్గుతుంది. కొత్తవాడు అది చూసి చిల్లు పడిందని బెదిరిపోతాడు. పాతవాడు అసలు చిల్లు పడ్డప్పుడు కూడా ఇదేలే అనుకుని ధీమాగా కూర్చుంటాడు. రెండోదే ఎక్కువ ప్రమాదం.

మరమ్మతు చూడటానికి సులువు. ట్యూబుకు గాలి కొట్టి తొట్టిలో ముంచితే చిల్లు ఉన్నచోట బుడగలు లేస్తాయి. గుర్తు పెట్టి, తుడిచి, ఆరబెట్టి, గరుకు పడేలా గీకాలి. సొల్యూషన్ పూసి ఆగాలి. ఈ ఆగడంలోనే పనితనమంతా ఉంది. పూసిన ద్రవం ఆవిరై, వేలు పెడితే అంటీ అంటనట్టు ఉన్నప్పుడే అతుకు వేసి అదమాలి. తొందరపడి తడిమీద వేసిన అతుకు ఆ సాయంత్రానికి బాగానే ఉంటుంది. మరునాడు అంచు లేస్తుంది. పచ్చి రబ్బరు పెట్టి వేడితో బిగించేది దీనికంటే గట్టిది. రబ్బరును గంధకంతో కలిపి కాచి గట్టిపరిచే ఉపాయం చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. పంచరు దుకాణంలో ఆ వేడి అతుకు వెనుక ఉన్నది ఆ ఉపాయమే.

ఇక తగవు సంగతి. ఒక మామ, ఒక అల్లుడు. వరసకే తప్ప రక్తసంబంధం లేదు. అల్లుడి ట్యూబు పాడైపోతే మామ తనది ఇచ్చాడు. దానికి ఒక పక్క అంతకు ముందురోజే ఇంట్లో సైకిలు అతుకు వేసుకున్నాడు. ఆ మాట చెప్పలేదు. కుర్రవాడు వల దించుతూ నడినీళ్లకు వెళ్లాడు. కొంతసేపటికి ట్యూబు ఒక పక్క మెత్తబడి, ఒరిగి, మనిషిని నీళ్లలోకి దించేసింది. వలకు కట్టిన బెండ్లను కావలించుకుని కేకలు పెడితే ఇంకొకడు వచ్చి లాక్కొచ్చాడు. ప్రాణం దక్కింది, సగం వల పోయింది. గట్టున నలుగురిలో పంచాయతీ జరిగింది.

“జోడు ఏసిన్నని ఒక్క మాట చెప్పకపోతివి మామా!”

“నువ్వు అడిగితివా? పుణ్యానికి ఇచ్చినోనికి పాపం కడుతున్నవా?”

అక్కడున్నవాళ్లు రెండు పక్షాలయ్యారు. నీళ్లలో దిగేవాడే చూసుకోవాలి అన్నారు కొందరు. ఉచితంగా ఇచ్చినవాణ్ని నిలదీస్తే రేపు ఎవడూ ఎవడికీ ఏదీ ఇవ్వడు అన్నారు. ఆ మాటలో బలం లేదని నేననను. ఎరువు ఇచ్చిపుచ్చుకోవడం మీదనే బీదల బతుకు నడుస్తుంది.

ఈ రెండు పక్షాలూ రెండువేల ఏళ్ల కిందటే ఎదురెదురుగా నిలబడ్డాయి. రోమునగర వక్త సిసెరో క్రీ.పూ. 44లో తన కొడుకు కోసం రాసిన కర్తవ్యాల గ్రంథంలో ఒక చిక్కు పెట్టాడు. రోడ్స్ ద్వీపంలో కరువు. ఒక వర్తకుడు అలెగ్జాండ్రియా నుంచి ధాన్యం తెచ్చాడు. వెనక మరిన్ని ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు; కొనేవాళ్లకు తెలియదు. అతను చెప్పాలా? చట్టం చెప్పమన్నంత వరకు చెబితే చాలు, ఊరుకోవడం దాచడం కాదు అన్నాడు బాబిలోనియా వాడైన డయోజనిస్. కొనేవాడికి తెలియనిదేదీ నీ దగ్గర మిగలకూడదు అన్నాడు అతని శిష్యుడు యాంటిపేటర్. సిసెరో శిష్యుడి వైపు మొగ్గాడు. ఎదుటివాడికి తెలియడం అవసరమైన సంగతిని మన లాభం కోసం తెలియనీయకపోవడమే దాచడం అని తేల్చాడు.

మరి మామకు లాభమేముంది? అతను అమ్మలేదు, అద్దెకివ్వలేదు. ఇక్కడ సిసెరో కొలత సరిపోదు. సరిపోయే కొలత మన దేశపు చట్టంలోనే ఉండటం చూసి నేను ఆశ్చర్యపోయాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను కింద ఇచ్చిన వివరణ ప్రకారం, చెప్పవలసిన బాధ్యత ఉంటే తప్ప ఒట్టి మౌనం మోసం కాదు. అదే చట్టం 150వ సెక్షనులో వస్తువును వాడుకోవడానికి అప్పగించేవాడి సంగతి వచ్చేసరికి మాట మారింది. తనకు తెలిసిన లోపం ఎదుటివాణ్ని అసాధారణమైన ప్రమాదంలో పడేసేదైతే చెప్పి తీరాలి. ఉదాహరణకు పొగరుబోతు గుర్రాన్ని ఎరువిచ్చినవాణ్ని చూపించారు. గుర్రం సంగతి తెలిసీ చెప్పలేదు, ఎక్కినవాడు పడ్డాడు, ఇచ్చినవాడిదే బాధ్యత. ఇక అద్దెకు ఇస్తే, లోపం తనకు తెలియకపోయినా బాధ్యత తప్పదు. ఉచితంగా ఇచ్చినవాడిపై భారం అంతకంటే తేలిక: తెలిసింది చెబితే చాలు. గోదావరికి ఇటు మహారాష్ట్ర, అటు తెలంగాణ అయినా ఈ చట్టం రెండు గట్లకూ ఒకటే.

ఉచితంగా ఇచ్చినవాడి మీద భారం మోపితే దానం ఆగిపోతుందన్న భయానికి ఇందులో జవాబున్నది. మామను ఎవరూ కొత్త ట్యూబు ఇమ్మనలేదు. గట్టి అతుకు వేయించి ఇమ్మనీ అనలేదు. అడిగింది ఒక్క మాట. దానికి ఖర్చు లేదు. ఆ మాట విని ఉంటే కుర్రవాడు ఒడ్డు పట్టుకునే వల దించేవాడు, లేదా ఆ పూటకు మానేసేవాడు. ఆ నిర్ణయం అతనిది. చెప్పకపోవడం వల్ల మామ ట్యూబుతో పాటు ఆ నిర్ణయాన్ని కూడా తనే తీసేసుకున్నాడు. నా దృష్టిలో తప్పు అక్కడున్నది. అతుకు వేయడంలో తప్పు లేదు.

ఇంకొక ఆక్షేపణ ఉంది. అసలు లారీ పనికిరాదని పారేసిన దానిమీద మనిషి ప్రాణం పెట్టడమే అన్యాయం కాదా? మొదట నాకూ అలాగే తోచింది. కాని లారీ చక్రంలో ట్యూబు చదరపు అంగుళానికి వంద పౌండ్ల దాకా ఒత్తిడి మోయాలి. నీళ్లమీద అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. ఒక లీటరు గాలి సుమారు ఒక కిలో బరువును తేలుస్తుంది. కనుక పాత ట్యూబు నీటికి పనికిరాక పోదు. తేడా ఇంకొక చోట ఉన్నది. రోడ్డుమీద గాలి పోతే బండి ఆగుతుంది. నీళ్లమీద గాలి పోతే కింద ఏమీ లేదు. పంచరు వేసేవాడికి ఈ తేడా తెలియాలంటే ట్యూబు ఎక్కడికి పోతుందో అతనికి చెప్పాలి. కాబట్టి చెప్పవలసిన బాధ్యత ఒకవైపే లేదు; వేయించుకునేవాడూ ‘ఇది నీళ్లమీదికి’ అనాలి. అది విన్న తర్వాత కూడా తడిమీద అతుకు పెట్టినవాడికి మాత్రం సాకు ఉండదు.

తెలియని లోపం సంగతేమిటి? దానికి మాట చాలదు. ఇప్పుడు తయారై వచ్చే తేలియాడే ఆసనాల్లో గాలి గదులు రెండు ఉంటాయి. ఒకటి పోయినా రెండోది మోస్తుంది. మనవాళ్లు నడుముకు ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టుకుంటే అదే రెండో గది. ఇద్దరిద్దరుగా వెళ్లడం మూడోది. తెలియనిదానికి ఇలాంటి జాగ్రత్త కావాలి, తెలిసినదానికి నోరు విప్పడం కావాలి. ఒకటి ఉన్నదని రెండోది మానలేం.

ట్యూబు లేని టైర్లు పెరిగి, లారీ ట్యూబులు దొరకడం తగ్గుతున్నది. కొందరు థర్మకోలు దిమ్మలను సంచుల్లో కుట్టి వాడుతున్నారు. ట్యూబు పోతే ఈ తగవు పోతుందా? పోదు. పాత మోటారు, కోడలిగా పంపే పిల్ల జబ్బు, అమ్మే పొలంలోని ఎండిన బోరు, అన్నిటిలోనూ ఇదే ఉంది. ఆ గట్టుమీదనే నేను ఇంకొకణ్ని చూశాను. తన ట్యూబును పక్కింటి కుర్రవాడికి ఇస్తూ అతని చెయ్యి పట్టుకుని ఒక్కొక్క అతుకు మీదా పెట్టించాడు. “గిది జెల్ల ముల్లు. గిది నిరుటిది, గట్టిగున్నది. వాల్వు కాడిది మాత్రం నమ్మకు, గడియకోసారి ఒత్తి చూస్కో” అన్నాడు. కుర్రవాడు తలూపి, తనే ఇంకోసారి అన్నీ తడిమి చూసి, నీళ్లలో దిగాడు. ఇంతకంటే ఎక్కువ ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. ఇంతకు తక్కువైతే మాత్రం ఊరుకోనక్కర్లేదు.