అరుగు మీది గొంతు

కొడుకా,

మొన్న శనివారం మీ ఇంటికి వచ్చి పూటంతా కూర్చున్నాను. నువ్వు ఒక్క నిమిషం కుదురుగా నిలబడింది లేదు. బర్రెను పిండావు, పాలు కేంద్రంలో పోసి వచ్చావు, చిన్నదానికి జడ వేయడం రాక పక్కింటి పిల్లను పిలిచావు, కరెంటు వచ్చిందని మోటరు దగ్గరికి ఉరికావు. నడుమ నాకు చాయ కూడా పెట్టి ఇచ్చావు. కోడలు మాత్రం నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. నిన్ను మెచ్చుకుందామని నోరు తెరిచేలోపే నువ్వే అన్నావు: "పెద్దమ్మా, దాన్ని పుల్ల కూడా ముట్టనిస్తలేను." ఆ మాటకు కోడలి భుజం ఒక్కసారి కదిలింది. నువ్వు చూడలేదు, నేను చూశాను. ఈ ఉత్తరం అందుకే.

పన్నెండేళ్ల కింద నాకూ ఇదే రొమ్ము క్యాన్సర్ కదా. ఆపరేషన్ అయి, కుట్లు మానాక కీమో మొదలైంది. మాకప్పుడు రెండెకరాలు, ఒక్క బర్రె. అది నా చేతికి తప్ప చేపేది కాదు. డాక్టరమ్మేమో కొట్టం గడప తొక్కొద్దంది. పెండ, గడ్డి దుమ్ము, తడిసి మురిగిన గడ్డికి పట్టిన బూజు, ఇవన్నీ కీమో నడిచే ఒంటికి పగవాళ్లే. సరేనని మీ పెద్దబాపు చెంబు పట్టుకుని కూర్చుంటే బర్రె తన్నింది. మర్నాడు ఆయన నా గళ్ల చీర చుట్టుకుని, మీసాల మీదుగా కొంగు కప్పుకుని వెళ్లాడు. నవ్వీ నవ్వీ నాకు మానిన కుట్లు కూడా లాగాయి. బర్రె ఒకసారి వాసన చూసి ముఖం తిప్పుకుంది. అప్పుడు నేను అరుగు మీద నుంచే, రోజూ పిలిచినట్టే, "దా తల్లీ, దా" అన్నాను. చెవులు ఇటు తిప్పింది. కాసేపటికి చేపింది. ఆ రోజు నుంచి పాలు పిండేది ఆయన, చేపించేది నేను. మంచం పట్టినా ఈ ఇంటికి నాతో పని ఉందని నాకు ఆ బర్రె చెప్పింది.

కాబట్టి కొడుకా, కోడలి చేతిలోంచి ఏం తీసుకోవాలో, ఏం తీసుకోవద్దో తెలుసుకో.

తీసుకోవాల్సినవి ముందు చెప్తాను. పెండ తీయడం, కోళ్లగూడు ఊడవడం, వడ్లు తూర్పారబట్టడం వద్దే వద్దు. ఆపరేషన్ అయిన వైపు చేతితో బిందె మోయొద్దు, గడ్డి కోయొద్దు. ఆ చేతికి సూది వేయనివ్వొద్దు, బీపీ పట్టీ కట్టనివ్వొద్దు. ఆ చంకలోని గ్రంథులు తీసేశారు కాబట్టి చిన్న ముల్లు గుచ్చుకున్నా చేయి వాచే అవకాశం ఉంటుంది. పత్తికి మందు కొట్టి వచ్చిన రోజు నువ్వు బావి దగ్గరే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంట్లోకి రా. కీమో ఎక్కించిన తర్వాత రెండు రోజులు ఆమె బట్టలు విడిగా ఉతుకు. వాంతి ఎత్తేటప్పుడు చేతులకు తొడుగు వేసుకో. మూత్రం ఎర్రగా వస్తే రక్తమని గుండె బాదుకోకండి. కీమోలో ఎక్కించే ఎర్ర మందు రంగు అది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

అన్నిటికంటే పెద్ద మాట జ్వరం. ఇంట్లో థర్మామీటరు ఉందా? లేకపోతే రేపే కొను. నూరు పాయింట్ నాలుగు, అంటే 100.4 డిగ్రీలు వచ్చిందా, అర్ధరాత్రయినా సరే, దవాఖానకు ఫోన్ చేసి బయలుదేరు. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే తగ్గుతుందని తెల్లారేదాకా ఆగొద్దు. కీమో తర్వాత రెండో వారంలో తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు వచ్చే జ్వరం మనం ఎరిగిన జ్వరం కాదు.

ఇక తీసుకోవద్దనేవి. మీకు ఇరవై ఒక్క రోజులకోసారి కీమో కదా? ఆ ఇరవై ఒక్క రోజులను మూడు తడులనుకో. మొదటి వారం వాంతులు, నీరసం. తాలింపు వాసన కూడా పడదు, పడుకోనీ. రెండో వారం చుట్టాలను వాకిట్లోంచే పంపించు. మూడో వారం ఒంట్లోకి ప్రాణం వస్తుంది. నీళ్లిచ్చే రోజును బట్టి మనం కలుపు పెట్టుకోమా, అట్లాగే ఇంటి పనులను ఆ మూడో వారానికి పెట్టుకో. కూలీలకు ఫోన్ చేయడం, పాల చిట్టీ చూడడం, ఎరువుల షాపు లెక్క, ఏ చెక్కలో ఏం వేద్దామన్న మాట, ఇవన్నీ ఆమె దగ్గరే ఉండనీ. ఇన్నేళ్లు ఆ లెక్కలు నడిపింది ఆమే. ఓపిక లేని రోజు తనే వద్దంటుంది. అడక్కుండా నువ్వే వద్దనుకోకు.

పొలం మాట. ఈ ఏడు మీ రెండెకరాలూ నువ్వే దున్నాలని పట్టు పట్టకు. పత్తి పిల్లవాడి లాంటిది, ఎప్పుడూ వెనక ఉండాలి: మందులు, కలుపు, మూడు నాలుగు విడతల ఏరుడు. ఒక ఎకరం కౌలుకిచ్చెయ్, లేదా బీడు పెట్టు. ఒక కారు బీడున్నంత మాత్రాన భూమి అలగదు. నాట్లకు కైకిలి బదులు అడగడానికి మొహమాటపడకు. వాళ్ల ఇళ్లల్లో నాట్లకు కోడలు ఎన్నిసార్లు పోలేదు? అది అప్పు కాదు, తిరిగొచ్చే బాకీ. ఇక ఖర్చు మాట. ఆరోగ్యశ్రీ హద్దు 2023 డిసెంబర్‌లో పది లక్షలు చేశారు. కార్డు తీసుకుని దవాఖానలో ఆరోగ్యమిత్రను అడుగు. పట్నం రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే సర్కారు క్యాన్సర్ దవాఖానే. ఆధార్ కార్డు చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కోడలికి టికెట్ డబ్బులు ఉండవు. రైలులో పోతే స్లీపర్‌లో క్యాన్సర్ రోగికి పూర్తి రాయితీ, తోడు పోయేవాళ్లకు ముప్పావు వంతు. దవాఖాన కాగితం ఉండాలి. ఈ దారులన్నీ చూడకుండా భూమి కాగితాలు పట్టుకుని ఎవరి ఇంటికీ పోకు.

పథ్యం చెప్పేవాళ్లు చాలామంది వస్తారు. గుడ్డు వద్దు, మాంసం వద్దు, వంకాయ వద్దు అంటారు. వినకు. ఒంటికి ఇప్పుడే బలం కావాలి. బాగా ఉడికిన గుడ్డు, పప్పు, కాచిన పాలు, వేడి అన్నం, ఏది లోపలికి పోతే అది పెట్టు. పచ్చి పాలు, రాత్రి మిగిలిన కూర వద్దు. నోరు పుండు పడితే కాచి చల్లార్చిన నీళ్లలో కొంచెం ఉప్పు, వంటసోడా వేసి పుక్కిలించమను. ఇంకొకరు పసరు మందు ఇస్తామంటారు. డాక్టరును అడగకుండా అది నాలుక మీద కూడా పెట్టనీయకు. ఆమె కంచం వేరు పెట్టమనేవాళ్లకు గట్టిగానే చెప్పు, ఇది అంటుకునే రోగం కాదని.

పిల్లల ముందు గుసగుసలాడకు. అమ్మకు రోగం వచ్చింది, మందు గట్టిది, జుట్టు ఊడుతుంది, మళ్లీ వస్తుంది అని నువ్వే చెప్పు. పెద్దది ఆడపిల్ల కదా అని బడి మాన్పించి పొయ్యి దగ్గర కూర్చోబెడితే మాత్రం నేనొచ్చి నీ చెవి మెలేస్తా. జడ వేయడం నువ్వే నేర్చుకో. నేర్పేది కోడలే. తను మంచం మీద కూర్చుని చెప్తుంటే నువ్వు పాయలు తియ్యి.

నీ సంగతీ ఒకటుంది. మోటరు కొట్టంలో తలుపు వేసుకుని ఏడుస్తున్నావని విన్నాను. ఏడువు. మీ పెద్దబాపూ ఏడ్చేవాడు, మోటరు చప్పుడులో వినబడదనుకుని. కరెంటు పోయినప్పుడు నాకు వినిపించేది. ఒక రాత్రి వచ్చి నా పక్కన కూర్చుని "భయమైతుంది" అన్నాడు. "నాక్కూడా" అన్నాను. ఆ తర్వాతే ఇద్దరికీ నిద్ర పట్టింది. దాచిన ధైర్యం ఇద్దరినీ ఒంటరి చేస్తుంది కొడుకా.

రేపు పొద్దున పాలు పిండేటప్పుడు నులక మంచాన్ని గోడ దగ్గర నుంచి జరిపి, కొట్టం కనబడేట్టు అరుగు మీద వెయ్యి. దుమ్ము లేకుండా ముందే నీళ్లు చల్లు. "బర్రె నీ మాట వింటుందేమో, ఒకసారి పిలువ్" అను. పిలవకపోతే ఎల్లుండి అడుగు.

మీ పెద్దమ్మ