పింఛను, పెద్దరికం, ఓటు



ఉద్యోగ విరమణ పొందినవారు రాజకీయాల గురించి ఎక్కువగా మాట్లాడతారనీ, చేతిలో పని లేకపోవడమే అందుకు కారణమనీ యువతలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. ఆ అభిప్రాయం సరైనది కాదు. విశ్రాంత ఉద్యోగి ఇంటికి వచ్చే బియ్యం, నెలనెలా కొనే బి.పి., షుగరు మందులు, పండుగకు వచ్చిన మనవల చేతిలో పెట్టే నాలుగు డబ్బులు అన్నీ ఒకటో తారీకున బ్యాంకులో పడే పింఛను మీద ఆధారపడి ఉంటాయి. ఆ పింఛను ఎంత రావాలి, ధరలతో పాటు పెరగవలసిన కరువు భత్యం ఎప్పుడు విడుదల కావాలి అన్నవి ప్రభుత్వాలు, చట్టసభలు, న్యాయస్థానాలు తీసుకొనే నిర్ణయాలను బట్టి ఉంటాయి.

పింఛను అనేది పాలకులు దయతలచి ఇచ్చే ఈనాం కాదనీ, ఉద్యోగి చేసిన సేవకు దక్కవలసిన హక్కు అనీ సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1982 డిసెంబర్ 17న డి.ఎస్. నకారా కేసులో తేల్చి చెప్పింది. 1979 మార్చి 31కి ముందు విరమణ పొందినవారిని పక్కన పెట్టి, ఆ తర్వాతివారికే మెరుగైన లెక్కను వర్తింపజేయడం రాజ్యాంగంలోని 14వ అధికరణ హామీ ఇచ్చిన సమానత్వానికి విరుద్ధమని ఆ తీర్పు సారాంశం. అందుకే పింఛనుదారులు ఏటా డిసెంబర్ 17ను పెన్షనర్ల దినంగా జరుపుకొంటారు. ఒక్క ఉత్తర్వుతో ఎన్ని ఇళ్ళ లెక్కలు మారతాయో తెలుగువారికి 1983లోనే అనుభవమైంది. ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించగా, ఇంకా మూడేళ్ళు జీతం వస్తుందని పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు లెక్క వేసుకున్న కుటుంబాలు ఒక్కసారిగా దిక్కుతోచని స్థితిలో పడ్డాయి. ఆ తర్వాత వయసు మళ్ళీ 58 అయింది, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 60, 2022లో 62 అయింది, తెలంగాణలో 2021లో 61 అయింది. 2004 సెప్టెంబర్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కొలువులో చేరినవారికి పాత పింఛనుకు బదులు సి.పి.ఎస్. వచ్చింది, అంటే ఉద్యోగి జీతంలో పది శాతం కోసి మదుపు చేసి, చివరికి పోగైన నిధిని బట్టి పింఛను నిర్ణయించే పద్ధతి. తండ్రి పాత పింఛను తీసుకొంటూ, కొడుకు సి.పి.ఎస్. కింద పనిచేస్తున్న ఇళ్ళు ఈనాడు కోకొల్లలు. ‘రాజకీయాలు మనకెందుకు’ అనే యువకుడు తన వృద్ధాప్యాన్ని ఇతరుల నిర్ణయానికి వదిలేస్తున్నాడని గ్రహించాలి.

ఇంట్లో చేయవలసిన పని అంతకంటే దగ్గరిది. పి.పి.ఓ., అనగా పింఛను చెల్లింపు ఉత్తర్వు, బీరువాలో ఎక్కడో చీరల కింద ఉంటుంది. అందులో భార్యాభర్తల జాయింటు ఫోటో, భార్య పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. సర్వీసు రిజిస్టరులో ‘లక్ష్మమ్మ’ అనీ, ఆధార్‌లో ‘మహాలక్ష్మి’ అనీ ఉన్నప్పుడు, భర్త పోయిన దుఃఖంలో ఉన్న ఆమె కుటుంబ పింఛను కోసం, అంటే జీవిత భాగస్వామికి దక్కే పింఛను కోసం, ట్రెజరీ చుట్టూ తిరగవలసి వస్తుంది. భర్త బతికి ఉండగానే ఆ తేడాను సరిచేయించడం పిల్లల విధి. బతికి ఉన్నట్లు ఏటా సమర్పించే జీవన ప్రమాణ పత్రం విషయమూ ఇంతే: సుద్దముక్క పట్టి, కలం పట్టి అరిగిపోయిన వేళ్ళ ముద్రలు యంత్రంలో పడకపోతే, మరోసారి మరోసారి అని వేలు నొక్కించుకొంటూ వరుసలో నిలబడ్డ పెద్దవారి ముఖంలో కనిపించే అవమానం చూడలేనిది. 2021 చివర కేంద్ర ప్రభుత్వం ముఖ గుర్తింపు పద్ధతిని ప్రవేశపెట్టింది. దానికి ఒక మంచి ఫోను, పక్కన కూర్చొనే ఒక మనిషి చాలు.

డబ్బు విషయంలో నిష్ఠూరమైనా ఒక మాట చెప్పవలసి ఉంది. పింఛనులో 40 శాతం వరకు ముందుగా ఒకే మొత్తంగా తీసుకోవడాన్ని కమ్యుటేషన్ అంటారు. ఆ మేరకు తగ్గిన నెలసరి పింఛను 15 ఏళ్ళ తర్వాత గానీ తిరిగి నిండదు. ఆ మొత్తం చాలా ఇళ్ళలో కూతురి పెళ్ళికో, కొడుకు విదేశీ చదువుకో వెళుతుంది. అది ప్రేమతో చేసిన త్యాగమే గాని, ఆ పైన ఇల్లు కూడా రాసిమ్మని అడగడం అన్యాయం. పోషిస్తామనే షరతుతో ఆస్తి రాయించుకొని ఆ మాట తప్పితే, ఆ బదిలీని రద్దు చేయించుకొనే అవకాశాన్ని 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ కల్పించింది. కన్నబిడ్డల మీద అటువంటి చట్టం అవసరపడటమే సమాజానికి తలవంపు.

ఇక ఓటు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఎన్నికల వేళ ఫోను చేసి ఫలానా పార్టీకే వేయమని తల్లిదండ్రులను ఒత్తిడి చేయడం, కాదంటే నెలల తరబడి మాట్లాడకపోవడం తెలుగు కుటుంబాల్లో పెరుగుతున్న దుర్గుణం. భారత పౌరసత్వం నిలుపుకొన్న ప్రవాసికి ఓటు హక్కు ఉంది గాని, పోలింగ్ కేంద్రానికి స్వయంగా రావాలి. అంత దూరం రాలేనివారు కన్నవారి వేలితో తమ ఓటు వేయించుకోవాలనుకోవడం తగదు. భార్యాభర్తల మధ్య, తండ్రీకొడుకుల మధ్య కూడా ఓటును చట్టం రహస్యంగానే ఉంచింది. 2024 ఎన్నికల్లో 85 ఏళ్ళు దాటినవారికి ఇంటి నుంచే ఓటు వేసే వీలు కల్పించినది ఆ స్వేచ్ఛ మంచం పట్టినవారికి కూడా దక్కాలనే. భిన్నాభిప్రాయం వచ్చినప్పుడు వాదించవచ్చు, పత్రికలు చూపించవచ్చు, కారణాలు అడగవచ్చు. భోజనానికి పిలవడం మాత్రం మానకూడదు.

పిల్లలు ఈసారి ఊరికి వచ్చినప్పుడు పి.పి.ఓ. తీయించి, అందులోని పేర్లను ఆధార్‌తో సరిచూచి, ఓటరు జాబితాలో అమ్మానాన్నల పేర్లు ఉన్నవో లేవో చూచి, ఆ తర్వాతే తిరుగు ప్రయాణానికి టిక్కెట్టు తీసుకోవలసిందిగా కోరడమైనది.