శ్రీవారి చుబుకం చెప్పే ధర్మం

వికారాబాదు చెంత అనంతగిరిపై వెలసిన అనంతపద్మనాభస్వామిని సేవించుటకు దోమ, పరిగి ప్రాంతాల భక్తకుటుంబాలు వస్తుంటాయి. పెండ్లి కావలసిన బిడ్డలున్న ఇండ్లలో నేడొక కొత్త సందేహం తలెత్తుతున్నది. ముక్కు తీరునో, పెదవి వంపునో శస్త్రచికిత్సతో దిద్దించుకొనుట తగునా? భగవంతుడిచ్చిన రూపాన్ని మార్చుట అపచారం కాదా?

శస్త్రమే దోషం కాదు. తెగిన ముక్కును చెక్కిలి చర్మంతో తిరిగి నిర్మించే విధానాన్ని సుశ్రుతుడు ఏనాడో వివరించాడు. మథురాపుర వీధిలో గంధం సమర్పించిన త్రివక్ర పాదాలను శ్రీకృష్ణుడు తన పాదంతో అదిమి, రెండు వ్రేళ్లతో చుబుకమెత్తి, ఆమె వంకరలు తీర్చాడని భాగవత దశమస్కంధం చెబుతున్నది. రూపంతో పనియేమని స్వామి ఆమె బాధను త్రోసిపుచ్చలేదు. కావున గ్రహణమొర్రితో పుట్టిన శిశువుకు, కాలిన గాయాలతో మెడ వంగిన స్త్రీకి చికిత్స చేయించుట దయాధర్మమే.

లోపం దేహంలో కాక, చూచేవారి చూపులో ఉన్నప్పుడో? 2016లో హైదరాబాదులో ఒక యువకుడు తల్లిదండ్రులకు తెలుపకుండ ఎత్తు పెరుగుటకై శస్త్రచికిత్స చేయించుకొన్నాడు. కన్నవారు అతనిని చివరకు ఆసుపత్రిలో చూచారు. ఈ చికిత్సలో కాలి ఎముకను కోసి, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తారు. ఆ సందున కొత్త ఎముక గట్టిపడుటకు నెలలు పడుతుంది. నరాలకు హాని కలుగవచ్చు, ఎముక అతుకకపోవచ్చు. అట్టివారిని నిందించుటకు ముందు, పెండ్లిచూపులలో ‘పొట్టి’, ‘నలుపు’ అని మనం విసిరే మాటలను తలచుకోవాలి.

తిరుమలలో అనంతాళ్వారు విసరిన గునపం తగిలి, బాలుని రూపంలో వచ్చిన స్వామి చుబుకాన గాయమైందని సంప్రదాయం. నేటికీ అక్కడ పచ్చకర్పూరం అద్దుతారు. ఆ గునపం మహాద్వారం చెంత యాత్రికులకు కనిపిస్తుంది. సర్వశక్తుడు ఆ గురుతును చెరపలేడా? భక్తునితో తనకుగల బంధానికి చిహ్నంగా దానిని ధరించాడు. తాతగారి ముక్కు, తల్లి మేనిచాయ కూడ బిడ్డకు అట్టి బంధచిహ్నాలే.

నిర్ణయించుకొనువారు తమను తాము మూడు ప్రశ్నలు వేసుకొనుట మేలు. ఇది నా బాధయా, పరుల మాటయా? వైద్యుడు అపాయాన్నీ వ్యయాన్నీ దాచక చెప్పాడా? ఈ సంగతి కన్నవారి ముందు చెప్పగలనా? మూడింటికీ మనస్సు నిర్మలంగా బదులిస్తే స్వామిని స్మరించి సాగవచ్చును. తడబడితే కొంతకాలం ఆగుట వివేకం.

త్రివక్రను చక్కదిద్దిన చేయి, గాయాన్ని అలంకారంగా ధరించిన చుబుకం ఒక్క స్వామివే. ఏది దిద్దుకోవాలో, ఏది ధరించాలో తెలిపే బుద్ధిని ఆయననే అర్థింతురు గాక!